ఫ్లోరైడ్ ప్రయోగానికి స్విస్ చిట్టెలుకలు చాలవా? ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లే కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. మీరు నల్లగొండలో ఎం.ఫార్మసీ రెండో ఏడు చదువుతున్నారు. మునుగోడు, మర్రిగూడ వైపు ఒకే బోరు నీళ్లు తాగి పెరిగిన ఇద్దరిలో ఒకరి పళ్లు గార పడతాయి, ఇంకొకరివి బాగానే ఉంటాయి. ఈ తేడాలో వంశపారంపర్యం పాత్ర ఎంతో చిట్టెలుకల్లో చూపించాలనుకుంటున్నారు. జ్ఞాపకశక్తి మీద ప్రభావం కోసం వాటర్ మేజ్ (నీళ్ల తొట్టిలో ఈత పరీక్ష), ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సీకరణ వల్ల కణాల మీద పడే ఒత్తిడి) కోసం కొన్ని పరీక్షలు కూడా చేయాలని గైడ్ అన్నారు. మీ యానిమల్ హౌస్‌లో ఉన్నవి స్విస్ అల్బినోలు. పేపర్లలో మాత్రం ఏ/జే, 129 అనే ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లు (తరతరాలుగా దగ్గరి బంధువులనే కలిపి, జన్యువులు ఒకేలా చేసిన రకాలు) కనిపిస్తున్నాయి. స్విస్‌తో నడుస్తుందా, అన్నాచెల్లెళ్లను కలిపి ఇన్‌బ్రెడ్ మేమే తయారుచేసుకోవచ్చా, మొత్తం ఎన్ని కావాలి అని అడిగారు.

స్విస్‌తో ఈ ప్రశ్నకు జవాబు రాదు. కనీసం రెండు ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లను పక్కపక్కన పెట్టి, ఒకే నీళ్లు, ఒకే ఫీడ్ ఇచ్చి పోల్చాలి. ఏ/జే, 129పీ3/జే దొరికితే అవే తీసుకోండి. దొరక్కపోతే మన దేశంలో ఎక్కువ చోట్ల ఉండే సీ57బీఎల్/6, బాల్బ్-సి తో చేయవచ్చు. ఇంట్లో తయారుచేసుకోవడం మీ కోర్సు కాలంలో అయ్యే పని కాదు. వీటన్నిటికంటే ముందు మీ యానిమల్ హౌస్ నీళ్లలో, ఫీడ్‌లో ఫ్లోరైడ్ ఎంతుందో కొలిపించండి. అది తెలియకుండా ఎలుకలకు ఆర్డర్ పెట్టకండి.

స్విస్ ఎందుకు పనికిరాదో చెప్తాను. అవి అవుట్‌బ్రెడ్, అంటే దగ్గరి బంధువులను కలపకుండా పెంచినవి. 1926లో స్విట్జర్లాండ్ నుంచి అమెరికాకు వెళ్లిన రెండు మగ, ఏడు ఆడ చిట్టెలుకల సంతతి, ఆ తర్వాత దేశదేశాలకూ పాకింది. రంగు ఒకటే అయినా లోపల జన్యువులు దేనికవే వేరు. మీ కేజ్‌లో ఒకదాని పళ్లు పాడై తెల్లబడి పక్కదానివి బాగున్నాయంటే కారణం జన్యువులా, అది ఎక్కువ నీళ్లు తాగిందా అని తేల్చలేరు. ఆ ఎలుక చచ్చిపోతే అదే జన్యువులున్న ఇంకోదాన్ని తెచ్చి మళ్లీ చూడనూ లేరు. ఇన్‌బ్రెడ్‌లో ఆ వీలుంది. వరుసగా కనీసం 20 తరాలు అన్నాచెల్లెళ్లనే కలుపుతూ వస్తే 98 శాతానికి పైగా జన్యుస్థానాల్లో రెండు ప్రతులూ ఒకటే అవుతాయి. ఒక స్ట్రెయిన్‌లోని ఎలుకలన్నీ, మగ ఆడ తేడా తీసేస్తే, దాదాపు ఒకే జీవి నకళ్లు. అందుకే ఒక ఎలుక తోలు ముక్కను అదే స్ట్రెయిన్‌లో ఇంకోదానికి అతికిస్తే తిరస్కరించకుండా నిలుస్తుంది. వెనకట కాలనీ శుద్ధంగా ఉందో లేదో ఇలాగే పరీక్షించేవాళ్లు.

స్విస్ పనికిమాలినవని కాదు నా మాట. ఏ డోసుకు బరువు తగ్గుతుంది, ఎంత దాటితే నీళ్లు తాగడం మానేస్తాయి లాంటివి చూడ్డానికి అవి చాలు, చవక కూడా. మొదటి పైలట్ వాటితోనే చేయండి.

ఏ/జే, 129 జంటనే ఎందుకంటున్నానంటే, ఈ విషయం మీద గట్టి పని వాటిమీదే జరిగింది. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో 12 ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లకు తాగునీటిలో 0, 25, 50 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఫ్లోరైడ్ 60 రోజులు ఇచ్చి పళ్లు చూశారు. ఏ/జే పళ్లు త్వరగా, బాగా పాడయ్యాయి. 129పీ3/జే కి దాదాపు ఏమీ కాలేదు. తర్వాత ఈ రెంటినీ కలిపి తీసిన సంతతిలో వెతికితే 2, 11 క్రోమోజోముల మీద కారణమైన ప్రాంతాలు దొరికాయి. నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేసే ఫలితం ఇంకొకటుంది. ఒంట్లో, ఎముకల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచింది 129 లోనే. పళ్లు పాడైంది మాత్రం ఏ/జే కి. అంటే తేడా ఎంత నిలిచిందన్న దాంట్లో లేదు, ఎనామెల్ తయారుచేసే కణాలు దాన్ని ఎలా తట్టుకుంటాయన్న దాంట్లో ఉంది. మీ ఊళ్లో పిల్లల గురించి మీరు అడుగుతున్నదీ సరిగ్గా ఇదే.

సీ57బీఎల్/6, బాల్బ్-సి జంట తీసుకుంటే ఇంత స్పష్టమైన తేడా వస్తుందని ముందే అనుకోకండి. అప్పుడు మీ ప్రశ్నను 'తేడా ఉందా' అని మార్చి రాయాలి. లేదని తేలినా అది ఫలితమే, కానీ సినాప్సిస్‌లో ముందే అలా రాసి ఉండాలి.

ఇంట్లో ఇన్‌బ్రెడ్ తయారీ ఎందుకు కుదరదు. గర్భం 19 నుంచి 21 రోజులు, పాలు మాన్పడానికి 21 రోజులు, జత కట్టే వయసు వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆలస్యాలు కలుపుకుంటే తరానికి మూడు నెలలు వేసుకోవాలి. 20 తరాలంటే ఐదేళ్లు. ఈ మధ్యలో చాలా వరుసలు పిల్లలు తగ్గిపోయి, పుట్టినవి బతక్క ఆగిపోతాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నవి అలా నిలబడి మిగిలినవి. అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కుక్ లిటిల్ 1909లో డీబీఏ అనే స్ట్రెయిన్‌ని మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లో సరదాకు పెంచుకునే ఎలుకలను పెంచి అమ్మిన ఏబీ లాత్రాప్ దగ్గరి 57వ నంబరు ఆడ ఎలుక సంతతి నుంచి 1921లో సీ57బ్లాక్ వచ్చింది. నాలుగైదు తరాలు అన్నాచెల్లెళ్లను కలిపి 'ఇన్‌బ్రెడ్ స్విస్' అని పేపర్లో రాస్తే ఏ రివ్యూయరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

కొన్నవాటిని మీరే పెంచుకోవడం వేరే సంగతి, అది చేయవచ్చు. ఒక మగ, రెండు ఆడ ఒక కేజ్‌లో పెట్టండి. మూడూ అదే కాలనీవి కావాలి. పుట్టాక మొదటి కొన్ని రోజులు కేజ్ శుభ్రం చేయకండి. కదిలిస్తే తల్లి పిల్లల్ని తినేయవచ్చు. బ్లాక్ సిక్స్ (సీ57బీఎల్/6) ఈతకు ఆరేడు, బాల్బ్-సి కి ఐదారు పిల్లలు అనుకోండి. స్విస్ లాగా పదీ పన్నెండూ రావు, లెక్క వేసుకునేటప్పుడు అది మరిచిపోవద్దు. పది తరాలకోసారి అసలు కాలనీ నుంచి కొత్త జంటలు తెచ్చుకోవాలి. లేకపోతే మీ దగ్గర కొత్త మార్పులు పోగుపడి, 20 తరాలకు అది వేరే సబ్‌స్ట్రెయిన్ కిందే లెక్క.

ఇక్కడ అందరూ పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. స్విస్, బాల్బ్-సి రెండూ తెల్లవే. ఒకే గదిలో పెంచుతుంటే మూత సరిగా పడక ఒకటి దూకి పక్క కేజ్‌లో దూరినా, శుభ్రం చేసే మనిషి తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేసినా కంటికి కనిపించదు. పిల్లలు తెల్లగానే పుడతాయి. ఈతకు ఐదు పుట్టే చోట ఒక్కసారిగా పదకొండు పుడితే అదొక్కటే మీకు దొరికే సూచన. బ్లాక్ సిక్స్ అయితే రంగే చెప్పేస్తుంది. బాల్బ్-సి తో కలిస్తే పుట్టేవి నల్లగా ఉండవు, ఊరెలుకలా గోధుమ బూడిద రంగులో ఉంటాయి. అలాంటి ఒక్క పిల్ల కనిపించినా ఆ కేజ్‌ను, దాని పూర్వీకుల కేజ్‌లను పక్కకు తీసేయాలి. రెండు తెల్ల జాతులుంటే వేరు వేరు గదుల్లో పెట్టండి. గది ఒకటే ఉంటే స్విస్‌ను ప్రయోగం అయ్యేదాకా తీసేయండి. అనుమానం వస్తే తోక చివర ముక్క పంపి జన్యు మార్కర్ల పరీక్ష చేయించండి, చర్చలు వద్దు.

ఎఫ్1 హైబ్రిడ్‌ల గురించి చివర్లో ఒక మాట అడిగారు. రెండు ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్లను కలిపితే వచ్చే మొదటి తరం అంతా ఒకేలా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, పిల్లల్నీ బాగా పెంచుతుంది. కానీ వాటిలో వాటినే కలిపి రెండో తరం తీస్తే, హైబ్రిడ్ పత్తి గింజ దాచి మళ్లీ వేసినట్టే, ఏ మొక్కకు ఆ మొక్క. మీ పనికి అవి అక్కర్లేదు.

ఇప్పుడు వాటర్ మేజ్. ఇది చాలా థీసిస్‌లను ముంచింది. మోరిస్ వాటర్ మేజ్‌లో ఎలుక గోడల మీది గుర్తులు చూసి, నీళ్ల కింద దాచిన మెట్టును గుర్తుపెట్టుకోవాలి. చూపు లేని ఎలుకకు ఆ పరీక్ష పెడితే ఏం తెలుస్తుంది? సీ3హెచ్, ఎఫ్‌వీబీ, ఎస్‌జేఎల్ స్ట్రెయిన్లలో ఆర్‌డీ1 అనే మార్పు ఉంది. పాలు మానే వయసుకే వాటి రెటీనా దెబ్బతింటుంది. స్విస్ నుంచి వచ్చిన చాలా కాలనీల్లోనూ ఈ మార్పు తిరుగుతోంది. మీ స్విస్‌లలో కొన్ని గుడ్డివి, కొన్ని చూపున్నవి కావచ్చు. అప్పుడు ఫ్లోరైడ్ గ్రూపులో గుడ్డివి రెండు ఎక్కువ పడితే 'జ్ఞాపకశక్తి తగ్గింది' అని రాసేస్తారు. చూపున్నా తెల్లవాటికి కంటిలో రంగు లేనందువల్ల చూపు మందమే, అందులో ఏ/జే, బాల్బ్-సి కూడా ఉన్నాయి. మేజ్ తప్పనిసరి అయితే ఆ భాగం బ్లాక్ సిక్స్‌లో చేయండి. ముందు రోజు మెట్టు మీద జెండా పెట్టి కనిపించేలా ఉంచి పరీక్షించండి. అది కూడా చేరుకోలేనిదాన్ని తీసేయాలని ప్రొటోకాల్‌లో ముందే రాసిపెట్టండి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ భాగానికి ఇంకో గుంత ఉంది. బ్లాక్ సిక్స్ అంటే ఒకటి కాదు. అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీ వరుస సీ57బీఎల్/6జే. 1951లో అక్కడి నుంచి ఎన్‌ఐహెచ్ (అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ) కి వెళ్లి విడిగా పెరిగింది సీ57బీఎల్/6ఎన్. జే లో ఎన్‌ఎన్‌టీ అనే జన్యువు ముక్క పోయింది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్, మైటోకాండ్రియాలో గ్లూటాథయోన్‌ను (ఆక్సీకరణ నుంచి కణాన్ని కాపాడే పదార్థం) తిరిగి సిద్ధం చేయడానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువును ఇస్తుంది. మీరు కొలిచేదే గ్లూటాథయోన్! కంట్రోల్ 6జే, ఫ్లోరైడ్ గ్రూపు 6ఎన్ అయితే, వచ్చిన తేడా ఫ్లోరైడ్‌ది అని చెప్పలేరు. 6ఎన్ కి మరో లోపం, సీఆర్‌బీ1 జన్యువులో ఆర్‌డీ8 అనే మార్పు, రెటీనాను పాడుచేస్తుంది. కాబట్టి అమ్మేవాళ్లను 'బ్లాక్ సిక్స్ ఉన్నాయా' అని అడిగి ఊరుకోవద్దు. పూర్తి పేరు, చివరి అక్షరాలతో సహా, బిల్లు మీద రాయించుకోండి. ప్రయోగం మొత్తానికి ఒకే చోటి నుంచి ఒకే వరుస తెచ్చుకోండి.

నీళ్లు, ఫీడ్. మన జిల్లాలో దీని దగ్గరే పని చెడుతుంది. భగీరథ నీళ్లు వస్తున్నా చాలా కాలేజీల్లో ఎండాకాలం సంపులో బోరు నీళ్లు కలుస్తాయి. పటిక, సున్నం వేసే నల్లగొండ పద్ధతి ఫ్లోరైడ్‌ను తగ్గిస్తుంది కానీ సున్నా చేయదు, పైగా కొంత అల్యూమినియం మిగులుస్తుంది, అది ఫ్లోరైడ్‌తో జతకడుతుంది. ప్రయోగంలో ఆ నీళ్లు వాడొద్దు. అన్ని గ్రూపులకూ డీఅయొనైజ్డ్ నీళ్లే బేస్‌గా వాడండి. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లు కూడా ఫ్లోరైడ్ ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి, అందుకని కూడా ఇది అవసరం.

ఫీడ్ సంగతి ఇంకా పెద్దది. చేప పొడి, ఎముక పొడి కలిసిన పెల్లెట్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. లెక్క చూడండి. చిట్టెలుక రోజుకు 4 గ్రాములు తింటే, ఫీడ్‌లో 10 పీపీఎం ఉంటే 0.04 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. రోజుకు 5 మిల్లీలీటర్లు తాగే ఎలుకకు అది నీళ్లలో 8 పీపీఎం ఇచ్చినట్టే. మీ 'సున్నా' గ్రూపు సున్నా కాదన్నమాట. తక్కువ ఫ్లోరైడ్ ఫీడ్ దొరికితే మంచిది, లేదంటే ఒకే బ్యాచ్ సంచులు మొత్తం ప్రయోగానికి సరిపడా ఒకేసారి కొని, నమూనా పరీక్షించి, ఆ అంకె థీసిస్‌లో రాయండి.

ద్రావణం ఇలా చేయండి. సోడియం ఫ్లోరైడ్‌లో ఫ్లోరైడ్ 45 శాతం. కాబట్టి 2.21 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఒక లీటరులో కరిగిస్తే 1000 పీపీఎం స్టాక్. దాంట్లో 25 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే 25 పీపీఎం, 50 తీస్తే 50 పీపీఎం. ఈ పొడి విషం, తూచేటప్పుడు గ్లౌజులు, మాస్కు ఉండాలి. స్టాక్, నమూనాలు ప్లాస్టిక్ సీసాల్లోనే, గాజులో వద్దు. ప్రతి కొత్త బ్యాచ్‌నూ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో, టైసాబ్ బఫర్ (ఎలక్ట్రోడ్ రీడింగ్ సరిగా రావడానికి కలిపే ద్రావణం) సగానికి సగం కలిపి కొలవండి. ఒక సున్నా తప్పు పడటం నేను చూసిన ల్యాబుల్లో అరుదైన సంగతి కాదు.

ఎక్కువనిపించే ఈ డోసుల గురించి వైవా‌లో అడుగుతారు. మనకు 1 నుంచి 1.5 పీపీఎం హద్దు అయితే ఎలుకకు 50 ఎందుకని. రక్తంలో మనిషికి వచ్చేంత స్థాయి రావాలంటే ఎలుకల తాగునీటిలో సుమారు పదింతలు ఇవ్వాల్సి వస్తుంది. ఆ జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

వేడి. గది 22 డిగ్రీలకు రెండు అటూ ఇటూ, తేమ 40 నుంచి 60 శాతం, పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి. మేలో కరెంటు పోయి ఏసీ ఆగితే ఎలుకలు చచ్చిపోతాయన్న భయం అందరికీ ఉంటుంది. చావకపోయినా ప్రయోగం పాడవుతుందన్నది తక్కువమందికి తడుతుంది. వేడికి నీళ్లు ఎక్కువ తాగుతాయి. 25 గ్రాముల ఎలుక 50 పీపీఎం నీళ్లు 5 మిల్లీలీటర్లు తాగితే కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు. అదే 8 తాగితే 16. బాటిల్ మీది అంకె మారలేదు, డోసు మారిపోయింది. ఎండ ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ ఎక్కువ కావడానికీ ఇదొక కారణం. జూన్ దాటాక మొదలుపెట్టండి, జనరేటర్ లేని చోట ఇంకా ముఖ్యం. బాటిళ్లను వారానికి రెండుసార్లు తూచి కేజ్ వారీగా రాయండి. ఎలుకల్లేని ఒక ఖాళీ కేజ్‌కు కూడా బాటిల్ పెట్టి, కారిపోయేది ఎంతో తీసేయండి.

ఎన్ని కావాలి? నీళ్లు కేజ్‌కు ఇస్తున్నారు కాబట్టి మీ లెక్కలో యూనిట్ కేజ్, ఎలుక కాదు. ఒకే కేజ్‌లో ఆరింటిని పెట్టి ఎన్ (నమూనా సంఖ్య) ఆరు అని రాస్తే తప్పు. రెండు స్ట్రెయిన్లు, మూడు డోసులు, ఆరు గ్రూపులు. గ్రూపుకు మూడు కేజ్‌లు, కేజ్‌కు రెండు ఎలుకలు, మొత్తం 36. రిసోర్స్ ఈక్వేషన్‌లో (ఎన్ని జంతువులు చాలో చూసే లెక్క) 18 కేజ్‌లలోంచి 6 గ్రూపులు తీసేస్తే 12. అది 10కీ 20కీ మధ్య ఉంది కాబట్టి మీ కాలేజీ జంతు నైతిక కమిటీ (ఐఏఈసీ) అభ్యంతరం చెప్పకపోవచ్చు. ఒకే ఈత పిల్లలన్నిటినీ ఒకే డోసులో వేయకుండా పంచండి. ఆడవాటితో చేస్తే మేలు. బాల్బ్-సి మగవాటిని కొత్తగా కలిపితే కొట్టుకుని గాయాలు చేసుకుంటాయి, గాయం అయితే రక్తంలో కొలిచేవన్నీ మారతాయి.

పళ్లు ఎప్పుడు చూడాలి? చిట్టెలుక కొరుకుడు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. మీరు ఫ్లోరైడ్ మొదలుపెట్టిన రోజు తయారైన ఎనామెల్ దవడ లోపలి నుంచి బయటికి రావడానికి వారాలు పడుతుంది. నెల లోపల చూసి ఏమీ కాలేదని ఆపేయకండి, 60 రోజులు నడపండి. మామూలు పన్ను ఇనుము వల్ల పసుపు నారింజ రంగులో, నునుపుగా మెరుస్తుంది, పై పళ్లు కింది వాటికంటే ముదురు. ఫ్లోరైడ్ పట్టింది ముందు అడ్డచారలుగా తెల్లబడి, తర్వాత సుద్దలా మెరుపు లేకుండా అవుతుంది, అంచు విరుగుతుంది. ఎప్పుడూ అదే పన్నును, తుడిచి ఆరబెట్టి, ఒకే లైటు కింద ఫొటో తీయండి. తడి పన్ను మెరుపుతో మోసం చేస్తుంది. మార్కులు వేసేవాళ్లకు ఏ ఫొటో ఏ కేజ్‌దో తెలియకూడదు. తొడ ఎముక, సీరం దాచి ఫ్లోరైడ్ కొలిస్తే, ఒంట్లో ఎంత నిలిచిందన్న ప్రశ్నకూ జవాబు ఉంటుంది.

తెచ్చుకోవడం గురించి. ముందు తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లో, శామీర్‌పేట జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రంలో ఏమేం ఉన్నాయో అడగండి. ఏ/జే, 129 కోసం నెలల ముందే అడగాలి. మీ కాలేజీకి సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) రిజిస్ట్రేషన్, ఐఏఈసీ ఆమోదం లేకుండా ఎవరూ ఇవ్వరు, రిజిస్టర్ కాని చోట కొనకూడదు కూడా. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లే అయినా తెల్లవారుజామున బయలుదేరండి. డబ్బాలో నీళ్ల బాటిల్ బదులు దోసకాయ ముక్కలో, హైడ్రేషన్ జెల్లో పెట్టండి, బాటిల్ కుదుపులకు కారి బెడ్డింగ్ తడిసి ఎలుకలు చల్లబడతాయి. వచ్చాక వారం రోజులు డీఅయొనైజ్డ్ నీళ్లతో అలవాటు పడనివ్వండి.

ఐఏఈసీకి ఇచ్చే దరఖాస్తు ఫార్మ్ బి లో స్ట్రెయిన్ గడిలో చాలామంది 'మైస్, అల్బినో' అని రాసి వదిలేస్తారు. మీరు స్ట్రెయిన్ పూర్తి పేరు, ఎక్కడి నుంచి, వయసు, మగా ఆడా, రెండు స్ట్రెయిన్లు ఎందుకో రెండు వాక్యాలు రాయండి. నీళ్లు, ఫీడ్ రిపోర్టులు వచ్చాక ఆ అంకెలు ఇక్కడ పెడితే డోసులు మళ్లీ లెక్క వేసి చూద్దాం.